స్టైల్ పేరు పక్కన ప్లస్సు

దసరా నవరాత్రుల కరపత్రం. ఎడమవైపు తేదీ, మధ్యలో తిథి, కుడివైపు ఆ రోజు అమ్మవారి అలంకారం. బాలాత్రిపురసుందరితో మొదలై రాజరాజేశ్వరి దాకా వరసలన్నీ సమంగా దిగుతున్నాయి, ఒక్క అన్నపూర్ణ వరస తప్ప. అది మాత్రం కాస్త కిందికి జారింది. అక్షరాల సైజు అదే, ఫాంటూ అదే. మధ్యలో అదనంగా ఎంటర్ పడలేదు. డీటీపీ ఆపరేటరు ఆ వరసలోని మాటలన్నీ చెరిపి మళ్ళీ కొట్టి చూస్తాడు. జారిన వరస జారినట్టే ఉంటుంది.

సంగారెడ్డి మండలంలో దుర్గాభవాని గుడి ఉన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊరి నుంచి ఇలాంటి కాగితం వేయించడానికి వచ్చేవాళ్ళకు ఈ తంతు కొత్త కాదు. “అన్నా, గీ లైన్ ఎందుకు కిందికి పోయింది?” అంటే, “ఏం గాదు, లేపుదాం” అని ఆపరేటరు ఆ ఒక్క వరసను బేస్‌లైన్ షిఫ్టుతో పైకి నెడతాడు. ప్రింటు బాగానే వస్తుంది. ఏడాది తిరిగాక అదే ఫైలు తెరిచి, తేదీలు మార్చి, ‘సేవ్ యాజ్’ కొడతారు. ఈసారి తిథులు రెండు ఒకే రోజున పడ్డాయని ఆ వరసలో ఇంకో మాట చేరుస్తారు. నిరుడు పైకి నెట్టిన అక్షరాలు ఒకచోట, కొత్త మాట ఇంకోచోట పడతాయి. దాన్ని సర్దడానికి మరో నెట్టుడు. నాలుగైదు దసరాలు గడిచేసరికి ఆ ఫైలును ముట్టుకోవాలంటే భయం వేస్తుంది.

అసలు దొంగ ఎవరంటే, ‘అన్నపూర్ణ’ అన్న మాట తర్వాత ఎవరికీ కనిపించకుండా కూర్చున్న ఒక ఖాళీ. స్పేస్‌బార్ ఒక్కసారి నొక్కితే పడే ఖాళీయే. కాకపోతే అది 24 పాయింట్ల సైజులో ఉంది. ఎప్పుడో ఎవరో శీర్షిక ముక్కను కాపీ చేసి అక్కడ అంటించి, మాటలు మార్చినప్పుడు, తోకలో ఆ ఖాళీ మిగిలిపోయింది. వరసకూ వరసకూ మధ్య ఎడాన్ని లెడింగ్ అంటారు. దాన్ని ‘ఆటో’ మీద వదిలేస్తే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ అయినా ఇన్‌డిజైన్ అయినా మామూలుగా అక్షరం సైజులో 120 శాతం తీసుకుంటుంది. 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్లు. 24 పాయింట్లకు 28.8. ఒక వరసలో రెండు సైజులుంటే పెద్దదాని మాటే చెల్లుతుంది. ఖాళీకి సిరా లేకపోయినా సైజు ఉంటుంది కాబట్టి ఆ వరస మొత్తం 28.8 లెక్కన దిగుతుంది. అంటే అదనంగా 14.4 పాయింట్లు. డీటీపీలో అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి ఇది అంగుళంలో అయిదో వంతు, అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆపరేటరు కనిపించే మాటలను చెరిపాడు గాని ఖాళీని చెరపలేదు. పేరా చివర ఎంటర్ గుర్తు కూడా ఇలాగే చేస్తుంది. దానికీ ఫాంటు, సైజు ఉంటాయి.

ఫైల్లో ఇలా దారితప్పి మిగిలిపోయిన రూపాలు ఎన్నో ఉంటాయి. అవి ఎలా పుడతాయో, ఎలా పట్టుకోవాలో తెలియాలంటే స్టైల్ అనేదాని లోపల ఏముందో చూడాలి.

కంప్యూటర్‌కు ‘ఇది శీర్షిక’, ‘ఇది పాఠం’ అని చెప్పి, శీర్షిక ఎలా కనిపించాలో ఒక్కచోట రాసి పెట్టుకోవడం స్టైల్ వెనకున్న ఆలోచన. విషయాన్నీ రూపాన్నీ ఇలా విడదీయవచ్చని స్పష్టంగా చేసి చూపిన తొలి వ్యవస్థల్లో ‘స్క్రైబ్’ ఒకటి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ రీడ్ తన డాక్టరేట్ పరిశోధనగా దీన్ని తయారుచేశారు. ఆయన సిద్ధాంత వ్యాసం 1980 నాటిది. అయిదేళ్ళ తర్వాత, 1985లో, పాల్ బ్రెయినర్డ్ స్థాపించిన ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్‌ను తెచ్చింది. ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది కూడా బ్రెయినర్డే. ఆల్డస్‌ను 1994లో అడోబీ కలుపుకుంది. 1999లో అదే అడోబీ ఇన్‌డిజైన్‌ను విడుదల చేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో.

ఇన్‌డిజైన్‌లో ఒక అక్షరం ఎలా కనిపించాలో మూడు పొరలు తేలుస్తాయి. అడుగున పేరాగ్రాఫ్ స్టైల్: పేరా మొత్తానికి ఫాంటు, సైజు, లెడింగ్, మార్జిన్. దాని మీద క్యారెక్టర్ స్టైల్: పేరాలో కొన్ని మాటలకు మాత్రం వర్తించే పేరున్న మార్పు. అన్నిటికన్నా పైన ఓవర్‌రైడ్: ఆపరేటరు ఆ క్షణాన మాటను సెలెక్ట్ చేసి ‘బి’ నొక్కి బోల్డ్ చేశాడే, అది. దీనికి పేరు ఉండదు. పై పొర చెప్పిందే చెల్లుతుంది. ఓవర్‌రైడ్ ఉన్న చోట కర్సర్ పెడితే స్టైల్ పేరు పక్కన చిన్న ప్లస్ గుర్తు వస్తుంది. ‘పాఠం’ కాస్తా ‘పాఠం ప్లస్’ అవుతుంది. ఆ పేరు మీద మౌస్ ఆనిస్తే మారింది ఫాంటా, సైజా, లెడింగా అని రాసి చూపిస్తుంది కూడా. చాలా షాపుల్లో స్టైల్స్ పాలెట్ తెరిచే అలవాటే లేదు కాబట్టి ఆ ప్లస్సు ఎంతకాలం నుంచి అక్కడుందో ఎవరికీ తెలీదు.

ప్లస్సులు పేరుకుపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. వాట్సాప్‌లో వచ్చిన పాఠం, వర్డ్‌లో కొట్టిన పాఠం, నిరుటి ఫైల్లోంచి తీసిన పాఠం ఒక్క కాగితంలోకి వస్తాయి. ప్రతిదీ తన స్టైల్స్‌ను వెంటేసుకొస్తుంది. రెండు ఫైళ్ళలో ఒకే పేరుతో స్టైల్ ఉంటే, అతికించిన చోటి నిర్వచనం గెలుస్తుంది. నిరుటి ‘పాఠం’ 13 పాయింట్లు, ఈ ఏటి ‘పాఠం’ 12 అయితే అంటించగానే అన్నీ 12కి దిగిపోతాయి, పేజీలు తగ్గిపోతాయి. పేర్లు వేరైతే రెండూ మిగిలి, జాబితా పెరుగుతుంది. వర్డ్ ఒక అడుగు ముందుకేసి, పేరా రూపమంతా పేరా చివరి గుర్తులోనే దాస్తుంది. ఆ గుర్తును చెరిపి రెండు పేరాలు కలిపితే ఎవరి రూపం ఎవరికి వస్తుందో చూసేదాకా తెలియదు. వర్డ్‌లో ‘ఆటోమేటికల్లీ అప్‌డేట్’ అనే టిక్కు ఒకటుంటుంది. అది పెట్టి ఉన్న స్టైల్లో ఒక్క పేరాను బోల్డ్ చేస్తే పత్రంలోని అన్ని పేరాలూ బోల్డ్ అవుతాయి. ఆ టిక్కు ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి. నన్నడిగితే తీసేయడమే మేలు.

ఇంతవరకూ చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. ఇంగ్లిష్ ఫైల్లో దారితప్పిన ఓవర్‌రైడ్ ఉంటే పేజీ అందం పోతుంది, అంతే. తెలుగు డీటీపీలో సంగతి వేరు. ఇక్కడ రూపం చెదిరితే అక్షరమే మారిపోతుంది.

తెలుగునాట డీటీపీ పెరిగింది అను ఫాంట్ల మీద, శ్రీలిపి లాంటి ఇతర ప్యాకేజీల మీద. ఆపిల్ కీబోర్డుకు వేళ్ళు అలవాటైన ఆపరేటర్లు ఇప్పటికీ అనులోనే వేగంగా కొడతారు. ఈ పాత ఫాంట్లు పనిచేసే తీరు చిత్రమైనది. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న 256 స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఒకచోట తలకట్టు, ఇంకోచోట ఒత్తు, మరోచోట కొమ్ము. ఫైల్లో నిజంగా నిల్వ ఉండేది ఇంగ్లిష్ అక్షరం కోడే. అనుపమో ప్రియాంకో ఫాంటు దాని మీద ఉంటేనే అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే రోమన్ అక్షరాలు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలగాపులగంగా బయటపడతాయి. షాపుల్లో దీన్ని ‘జంక్ పడింది’ అంటారు, ‘ఫాంటు ఎగిరిపోయింది’ అంటారు. అంటే ఈ ఫైళ్ళలో ‘ఇది తెలుగు’ అన్న సమాచారం అక్షరంలో లేదు, ఫార్మాటింగ్‌లో ఉంది.

వర్డ్‌లోని ఆటోకరెక్ట్ ఈ ఫైళ్ళకు చేసిన హాని అంతా ఇంతా కాదు. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేయడం ఇంగ్లిష్‌కు మంచి అలవాటు. అను పాఠంలో అదే పని చేస్తే ఒక తెలుగు ముక్క స్థానంలో ఇంకో తెలుగు ముక్క వచ్చి కూర్చుంటుంది. నిటారు కొటేషన్ గుర్తును వంపు గుర్తుగా మార్చినా అంతే. ప్రూఫు చూసేవాడు అది ఆపరేటరు తప్పనుకుని తిడతాడు.

దీనికి పేజ్‌మేకర్ ఇంకో చిక్కు జతచేసింది. పేజ్‌మేకర్‌లో పేరాగ్రాఫ్ స్టైల్స్ ఉన్నాయి గాని క్యారెక్టర్ స్టైల్స్ లేవు. చివరి వెర్షన్‌లోనూ రాలేదు. తెలుగు పేరా మధ్యలో ఒక్క ఇంగ్లిష్ మాట రావాలంటే దాన్ని సెలెక్ట్ చేసి, చేత్తో టైమ్స్ ఫాంటు పెట్టడం తప్ప మార్గం లేదు. కాబట్టి అను పేజ్‌మేకర్ ఫైల్లో ప్రతి ఇంగ్లిష్ మాటా ఒక ఓవర్‌రైడే. ఇందాకటి దసరా ఖాళీ లాంటి చెత్త ఓవర్‌రైడ్లూ, ఇలా అర్థాన్ని మోసే ఓవర్‌రైడ్లూ ఒకే పొరలో, పేరు లేకుండా, పక్కపక్కన ఉంటాయి. ప్లస్ గుర్తు రెంటికీ ఒకటే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చే పనుల్లో ఇది ఎక్కడ కొరుకుతుందో చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీలో పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాల్సి వచ్చేది. ఉత్తరాది నుంచి వచ్చిన కార్మికులున్న చోట హిందీ కూడా చేరుతుంది. ఒక్క షీటు మీద మూడు లిపులు, మూడు ఫాంట్లు. తెలుగు వాక్యం మధ్యలో రసాయనం పేరు ఇంగ్లిష్‌లో, దాని పక్కన ఫార్ములా, అందులో అడుగున చిన్న అంకెలు.

ఇలాంటి పాత ఫైలును ఇన్‌డిజైన్‌లోకి తెచ్చి, శుభ్రం చేద్దామని కొత్తగా వచ్చిన కుర్రాడు పూనుకున్నాడనుకోండి. (ఇన్‌డిజైన్ సీఎస్6 పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్ళను నేరుగా తెరుస్తుంది.) యూట్యూబ్‌లో చూసిన చిట్కా గుర్తొస్తుంది: అంతా సెలెక్ట్ చేసి, ఆల్ట్ పట్టుకుని స్టైల్ పేరు మీద క్లిక్ చేస్తే ఓవర్‌రైడ్లన్నీ పోతాయి. నిజమే, పోతాయి. ప్లస్సులన్నీ మాయమవుతాయి. వాటితోబాటు ఇంగ్లిష్ మాటల మీదున్న టైమ్స్ ఫాంటూ పోయి, రసాయనం పేరున్న చోట ఒక ఒత్తు, సగం దీర్ఘం, పక్కన దిక్కులేని కొమ్ము మిగులుతాయి. ఫార్ములాలో అడుగునున్న 2 వచ్చి వరసలో నిలబడుతుంది. మందుల కంపెనీ లేబొరేటరీ పట్టికలో సూక్ష్మజీవుల పరిమితి కింద ‘పది మీద మూడు’ అని ఘాతంలో రాసిన వెయ్యి, ఘాతం దిగిపోయి 103 అవుతుంది. మాటలు చెడితే కనీసం కంటికి తగులుతాయి. 103 చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ప్రూఫులోంచి తప్పించుకుపోతుంది.

అందుకే తెలుగు ఫైల్లో వరస మార్చాలి: ముందు పేరు పెట్టడం, తర్వాత తుడవడం. ‘ఇంగ్లిష్ మాట’ అని ఒక క్యారెక్టర్ స్టైల్ తయారుచేసుకుని, దానికి టైమ్స్ ఫాంటు ఇవ్వండి. ఫైండ్-ఛేంజ్ డబ్బా తెరిచి, వెతకాల్సిన మాట గడి ఖాళీగా వదిలేసి, కింద ఫార్మాట్ గడిలో టైమ్స్ ఫాంటును ఎంచుకుంటే, పత్రం మొత్తంలో టైమ్స్‌లో ఉన్న ప్రతి ముక్కనూ అది పట్టుకుంటుంది. మార్చాల్సిన ఫార్మాట్‌గా ‘ఇంగ్లిష్ మాట’ స్టైల్‌ను ఇచ్చి ‘ఛేంజ్ ఆల్’ నొక్కాలి. అడుగు అంకెలకు ఒక స్టైల్, ఘాతాలకు ఒకటి, ఉద్దేశంతో పెట్టిన బోల్డ్‌కు ఒకటి. వాటికీ ఇలాగే. ఇవన్నీ అయ్యాక అప్పుడు ఆల్ట్ క్లిక్. క్యారెక్టర్ స్టైల్ ఓవర్‌రైడ్ కాదు కాబట్టి దాన్ని అది ముట్టుకోదు. పేరున్నవి నిలుస్తాయి, పేరులేని చెత్త పోతుంది. ఆల్ట్‌తోపాటు షిఫ్ట్ కూడా నొక్కితే మాత్రం క్యారెక్టర్ స్టైల్స్ కూడా తుడిచిపెట్టుకుపోతాయి, చేయి అటు పోనీయకండి.

ఈ పని చేస్తున్నప్పుడు టైమ్స్‌లో చిక్కేవన్నీ ఇంగ్లిష్ మాటలు కావు. తెలుగు మాటల మధ్య టైమ్స్‌లో మిగిలిన ఖాళీలు కూడా వస్తాయి, వందల్లో. ఖాళీకి ఏ ఫాంటైతేనేం అనిపిస్తుంది. కానీ ఒక్కో ఫాంటులో ఖాళీ వెడల్పు ఒక్కో రకం, అందుకే అలాంటి పేరాల్లో మాటల మధ్య ఎడం కోతి గంతులేస్తున్నట్టుంటుంది. ఇలాంటివాటిని పసిగట్టడానికి టైప్ మెనూలో ఉండే ఫైండ్ ఫాంట్ మంచి సాధనం. పత్రంలో వాడిన ప్రతి ఫాంటునూ అది జాబితా వేస్తుంది. మీరు మూడు ఫాంట్లే వాడానని ఒట్టేసి చెప్పే ఫైల్లో అది పదకొండు చూపిస్తుంది. ఒక్కొక్క దాని మీద నొక్కుతూ పోతే ఏ ఖాళీలో, ఏ ఎంటర్ గుర్తులో ఆ ఫాంటు దాక్కుందో అక్కడికి తీసుకెళ్తుంది. స్టోరీ ఎడిటర్ ఇంకో మార్గం: కంట్రోల్ వై నొక్కితే అలంకారాలన్నీ విడిచి పాఠం మాత్రమే కనిపిస్తుంది, ఎడమ అంచున ప్రతి పేరా స్టైల్ పేరు వరసగా వస్తుంది. ‘పాఠం, పాఠం, పాఠం, నార్మల్, పాఠం’ అని ఉంటే ఆ నార్మల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలి. సాధారణంగా వర్డ్ నుంచే.

స్టైల్‌ను డిలీట్ చేస్తే సమస్య పోతుందనుకోవడం మరో పొరపాటు. ఇన్‌డిజైన్ అప్పుడు ఒక ప్రశ్న వేస్తుంది: దీని స్థానంలో ఏ స్టైల్ పెట్టమంటారు? ‘నో పేరాగ్రాఫ్ స్టైల్’ ఎంచుకుంటే, ఫార్మాటింగ్‌ను అలాగే ఉంచాలా అని ఒక టిక్కు. తొందరలో అందరూ దాన్ని వదిలేసి ఓకే కొడతారు. బోర్డు పీకేసినా దుకాణం నడుస్తున్నట్టు, స్టైల్ పేరు జాబితాలోంచి పోతుంది, దాని లక్షణాలన్నీ ఓవర్‌రైడ్లుగా మారి పేరాలకు అతుక్కుని ఉంటాయి. ముందు ఉన్నప్పుడు కనీసం పేరుతో వెతికి పట్టుకోగలిగేవాళ్ళం. ఇప్పుడు అదీ లేదు. కాబట్టి స్థానంలో పెట్టే స్టైల్‌గా మీ ‘పాఠం’నే చూపించండి.

కొన్నిసార్లు రోగం ఎక్కడుందో అసలు తెలియదు. 64 పేజీల సావనీరు పీడీఎఫ్ కావడం లేదు, ప్రోగ్రాం మధ్యలో మూసుకుపోతోంది. ఇలాంటప్పుడు కంప్యూటర్ శాస్త్రంలోని బైనరీ సెర్చ్ అనే పద్ధతి అక్కరకొస్తుంది. ఫైలుకు కాపీ తీసి, మొదటి 32 పేజీలు మాత్రమే పీడీఎఫ్ చేయండి. వచ్చిందా, దోషం రెండో సగంలో ఉంది. రాలేదా, మొదటి సగంలో. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. 64 పేజీల్లో దోషమున్న ఒక్క పేజీని పట్టుకోవడానికి ఆరుసార్లు చాలు. పేజీ దొరికాక అందులో ఫ్రేములకూ ఇదే పద్ధతి. ఫైలు లోపల్లోపల పాడైందని అనుమానముంటే దాన్ని ఐడీఎంఎల్ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్నే మళ్ళీ తెరిచి సేవ్ చేస్తే పత్రం కొత్తగా పేర్చుకుంటుంది, చాలా మురికి అక్కడే వదిలిపోతుంది. పాత పేజ్‌మేకర్‌లోనూ దీనికి సమానమైన ఒక గుప్త విద్య ఉండేది: ఏదీ సెలెక్ట్ చేయకుండా, ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని టైప్ మెనూలో హైఫనేషన్ ఎంచుకుంటే ఫైలంతా తనిఖీ చేసి బీప్ కొట్టేది. ఒక బీప్ అంటే క్షేమం, రెండంటే దోషాలున్నాయి, సరిచేశాను, మూడంటే నా వల్ల కాదు. ఇది తెలిసిన ఆపరేటర్లను ఆ రోజుల్లో వైద్యుల్లా చూసేవారు.

ఇంత తంటా ఎందుకు, యూనికోడ్‌లో కొడితే పోలా అంటారు. పోతుంది, చాలావరకు. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాల సొంత బ్లాకు ఉంది. అక్కడ ‘క’ ఎప్పుడూ ‘క’యే. ఫాంటు ఎగిరిపోతే రూపం మారుతుంది, మహా అయితే ఆ ఫాంటులో తెలుగు లేక డబ్బాలు పడతాయి, కోడు మాత్రం చెక్కుచెదరదు. తెలుగు ఫైళ్ళలో ఫార్మాటింగ్ మోస్తున్న అతిపెద్ద బరువు ఇలా దిగిపోయింది. సిలికానాంధ్ర లాంటి సంస్థల చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి కూడా.

అయినా దారితప్పిన స్టైల్ ఇక్కడా అక్షరాన్ని విరగ్గొట్టగలదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ పనిచేయాలి. ఆ కంపోజర్ ఎంపిక పత్రం మొత్తానికి ఉండే అమరిక కాదు, ఒక్కో పేరాకు ఉండే గుణం. వర్డ్ నుంచి వచ్చిన ఒక పేరా మామూలు కంపోజర్‌తో వస్తే, పేజీ అంతా బాగుండి ఆ పేరాలో మాత్రం ఒత్తులు కింద పడకుండా పక్కకు నిలబడతాయి. ఆపరేటరు ఫాంటును అనుమానిస్తాడు, కీబోర్డును అనుమానిస్తాడు, వేరే ఫాంటు పెట్టి చూస్తాడు. ప్లస్ గుర్తు మీద మౌస్ ఆనిస్తే కారణం అక్కడే రాసి ఉంటుంది. కంపోజర్‌ను అన్నిటికీ మూలమైన పేరాగ్రాఫ్ స్టైల్లోనే పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

ఇంకోటి మరీ సన్నది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు కోడ్ల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. ఈ ఆరింటినీ కలిపి చూస్తేనే ఫాంటు అక్షరాన్ని కట్టగలదు. మౌసుతో సెలెక్ట్ చేసి రంగు మారుస్తున్నప్పుడు గీత మధ్యలో తెగితే, మొదటి రెండు కోడ్లు ఒక రూపంలో, మిగతా నాలుగు ఇంకో రూపంలో ఉండి ‘స్’ ఒకటి, ‘త్రీ’ ఒకటిగా విడిపోతాయి.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట అన్న పేరు కూడా ఫైలుకు మంచి పరీక్ష. దీన్ని యూనికోడ్‌లో సరిగ్గా రాస్తే 18 కోడ్లు. వాటిలో రెండు కంటికి కనిపించవు: ‘ల్’ తర్వాత ఒకటి, ‘న్’ తర్వాత ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే విడదీత గుర్తులు. అవి లేకపోతే పేరు ‘ఇస్మాయిల్ఖాన్పేట’ అయి, ల కింద ఖ ఒత్తు, న కింద ప ఒత్తు చేరుతాయి. ఒక ఫైల్లో ఊరి పేరు కొన్నిచోట్ల ఇలా, కొన్నిచోట్ల అలా ఉంటే వేర్వేరు చోట్ల కొట్టిన పాఠం కలిసిందని అర్థం. ఒకదాన్ని వెతికితే రెండోది దొరక్కపోవచ్చు కాబట్టి పేర్లు మార్చేటప్పుడు రెండు రూపాలనూ విడివిడిగా వెతకాలి.

పాత ఫైళ్ళ దగ్గరికి మళ్ళీ రావాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి చూసేది కోడ్లనే. మధ్యలో ఇంగ్లిష్ మాట ఉంటే దాన్నీ తెలుగు ముక్కలనుకుని మార్చి పారేస్తాయి. అందుకే పైన చెప్పిన ‘ఇంగ్లిష్ మాట’ స్టైల్‌కు రెండో ప్రయోజనం ఉంది. ఆ స్టైల్లో ఉన్నవాటిని పక్కన పెట్టి మిగతాది మార్చవచ్చు. పేరు పెట్టని ఫైలును మార్చాలంటే మనిషి కూర్చుని వరస వరసా చూడాల్సిందే.

సంగారెడ్డిలో, పటాన్‌చెరులో డీటీపీ షాపుల పాత కంప్యూటర్లలో ఇలాంటి పేజ్‌మేకర్ ఫైళ్ళు ఇంకా ఉన్నాయి: గుడి కరపత్రాలు, బడి సావనీర్లు, యూనియన్ నివేదికలు, స్థానిక కవుల సంపుటాలు. పేజ్‌మేకర్‌కు 2001 తర్వాత కొత్త వెర్షన్ లేదు. మీ ఊరి గుడిదో, మీ సంఘానిదో, మీ నాన్నగారు వేయించిన పుస్తకందో అలాంటి ఫైలు ఏ షాపులోనైనా ఉంటే, దాన్ని తెరవగల కంప్యూటర్, ఆ ఫాంట్లు, చదివి సరిచూడగల ఆపరేటరు మూడూ ఒకచోట ఉన్నప్పుడే వెళ్ళి పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్ పాఠం ఒకటి తీయించుకోండి. మార్చిన పాఠంలో ఇంగ్లిష్ మాటలూ, ఘాతాలూ, ఊరి పేర్లూ ఒకసారి మీరే ప్రూఫు చూడండి. ఆపరేటరుకు ఆ పూట పని పోతుంది కాబట్టి దానికి తగ్గ డబ్బు కూడా ఇవ్వండి.